ఆగమంటే ఆగని మెషీను

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు చాటున నన్ను ‘ప్రయారిటీ మేడమ్’ అనేవాళ్లు. వెక్కిరింత కాదు, అభిమానమే. మెషీను నెమ్మదించినా, స్పీకర్లో శబ్దం తెగినా, తెర వణికినా సుభద్ర మేడమ్ వచ్చి ఒక్క అంకె మారుస్తుంది, అంతా సర్దుకుంటుంది అని వాళ్ల నమ్మకం. ఆ పేరు చెవిన పడినప్పుడు విననట్టు నటించేదాన్ని కానీ లోపల మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఏ పెళ్లిలోనో పాత కుర్రాళ్లు ఎదురుపడి ఆ పేరుతో పలకరిస్తే అక్కడ నిలబడలేను. మంచినీళ్ల వంక పెట్టుకుని పక్కకి తప్పుకుంటాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో మీకు అక్కర్లేదు, నాకూ సరిగా గుర్తులేదు. గుర్తున్నవి కొన్నే. వాటిలో ఎక్కువ భాగం తల్చుకుంటే తల దించుకోవాలనిపించేవే. గొప్పలు చెప్పే పెద్దవాళ్లు మీకు కావలసినంతమంది దొరుకుతారు కనుక నేను ఈ రెండో రకం చెబుతాను.

పంక్తి

మాది విజయవాడలో చిన్న కంపెనీ. బెంజ్ సర్కిల్ వెనక సందులో, కింద మందుల షాపు, పైన మేము. మెషీన్ల లోపల పెట్టే చిన్న కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాయడం మా పని. మా బాస్ మధుసూదన్ గారు కష్టపడి పైకొచ్చిన మనిషి, చెడ్డవాడు కాదు. ఎదుటివాడు ‘అవుతుందా’ అని అడగడం పూర్తిచేయకముందే ‘అయిపోతుందండీ’ అనేవారు. అవ్వజేసే బాధ్యత నాది. నేను కాలేజీలో లెక్కలు చెబుతూ ఇటు వచ్చినదాన్ని, అంచేత ఏ లెక్కకైనా జవాబు ఉంటుందని నమ్మకం ఎక్కువ.

థ్రెడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఒకే ప్రోగ్రామ్ లోపల చాలా పనులు కలిసి నడుస్తుంటాయి. ఒక్కో పనినీ ఒక థ్రెడ్ అంటాం. పనులు చాలా ఉంటాయి, వాటిని చేసే ప్రాసెసర్ ఒకటే. భోజనాల పంక్తిలో వడ్డించేవాడిలా ఆపరేటింగ్ సిస్టమ్ అందరి దగ్గరికీ తిరిగి తలా కాస్త సమయం వడ్డిస్తూ పోతుంది. ఏదైనా థ్రెడ్‌కి రియల్ టైమ్ ప్రయారిటీ, అంటే అందరికంటే ముందుండే వరస అంకె, ఇచ్చామనుకోండి, వడ్డించేవాడు ఆ విస్తరి ముందే నిలబడిపోతాడు. ఆ థ్రెడ్ తనంతట తను చాలు అనేదాకా మిగతా విస్తళ్లలో మెతుకు పడదు. అది ఎప్పటికీ చాలు అనకపోతే మిగతావాళ్లు పస్తే.

ఇంత చిన్న సంగతి మొదటిరోజే పుస్తకంలో చదువుతాం. నేనూ చదివాను.

పునుగులు

వన్ టౌన్‌లో ఒక పెద్ద బట్టల దుకాణం ఉండేది. మూడంతస్తుల్లోనూ ప్రకటనలు వినిపించడానికి మాతో ఒక యంత్రం పెట్టించుకున్నారు. పండగ రద్దీలో శబ్దం గరగరమని తెగిపోతోంది. చీరల మీద తగ్గింపు అని చెప్పబోతే ‘చీ’ దగ్గర ఆగిపోతోంది. యజమాని ఫోన్‌లో మా బాస్‌ని చెడామడా తిట్టాడు. నేను వెళ్లి శబ్దం పంపే థ్రెడ్‌కి రియల్ టైమ్ ప్రయారిటీ ఇచ్చాను. గరగర పోయింది. ఆ సాయంత్రం మధుసూదన్ గారు అందరికీ పునుగులు తెప్పించి నన్ను ఆకాశానికెత్తేశారు.

ఆ పని నిజానికి తప్పు కాదు. శబ్దం సరిగ్గా వేళకి అందాలి, దాని పని చిటికెలో అయిపోతుంది, అయిపోగానే పక్కకి జరుగుతుంది. రియల్ టైమ్ ప్రయారిటీకి అర్హత అంటే అదే. కానీ నేను నేర్చుకున్నది అది కాదు. అంకె పెంచితే బాస్ మెచ్చుకుంటారని నేర్చుకున్నాను.

ఆ తరవాత ఎవరి ప్రోగ్రామ్ మందగించినా మందు అదే. నన్ను చూసి పిల్లలూ మొదలుపెట్టారు. ఒకడు తన థ్రెడ్‌ని నాకంటే ఒక మెట్టు పైన పెట్టేవాడు, వాడిని చూసి ఇంకొకడు ఇంకో మెట్టు. చివరికి అందరూ మొదటి వరసలో కూర్చున్నారు. అందరూ మొదటి వరసే అయితే ఇక వరసలెందుకు? ఎందుకు పెంచావురా అని ఒక్కరినీ అడగలేదు. అడిగితే వాళ్లు తిరిగి నన్ను అడుగుతారని భయం.

గరిటె

ఇంకో దెబ్బ కూడా చెప్పాలి, ఇది మీలో చాలామందికి తగులుతుంది. మా ఆఫీసులోనే పరీక్షలో ఒక యంత్రం అప్పుడప్పుడు క్షణకాలం బిగుసుకుపోయేది. అన్నిటికంటే పై మెట్టులో ఉన్న థ్రెడ్డే ఆలస్యంగా నడుస్తోంది. పై మెట్టువాడికి ఆలస్యమేమిటని నా అహం దెబ్బతింది, ఇంకో మెట్టు పెంచాను. ఏమీ మారలేదు.

కారణం పట్టుకున్నది కిరణ్ అనే కుర్రాడు. మా దగ్గర చేరిన కొత్తలోనే వాడి కళ్లు చురుకు. మళ్లీ ఆ భోజనాల పంక్తినే తీసుకోండి. పెద్దాయనకి పప్పు కావాలి. గరిటె ఒక్కటే ఉంది, అది ఎక్కడో మూలనున్న చిన్నవాడి చేతిలో ఉంది. చిన్నవాడు లేచి ఇద్దామంటే మధ్యలో నలుగురు అడ్డంగా కూర్చున్నారు, వాళ్లు ఆ చిన్నవాడికంటే పెద్దవాళ్లు, కాళ్లు ముడవరు. పెద్దాయన ఎంత పెద్దవాడైతే ఏం లాభం? మా ప్రోగ్రామ్‌లో జరిగింది అదే. పై థ్రెడ్ ఒక లాక్ కోసం, అంటే ఒకసారికి ఒక్కరే పట్టుకోగల ఆ గరిటె లాంటి దాని కోసం, ఎదురుచూస్తోంది. ఆ లాక్‌ని పట్టుకున్నది అన్నిటికంటే కింది థ్రెడ్. మధ్య థ్రెడ్లు కింది దానికి ప్రాసెసర్ దొరకనివ్వడం లేదు.

దీనికి ఉపాయం ఉంది. లాక్ చేతిలో ఉన్నంతసేపూ ఆ చిన్నవాడికి పెద్దాయన హోదా అరువిచ్చే రకం లాక్ వాడాలి. అంతకంటే మంచిది, రియల్ టైమ్ థ్రెడ్ ఎవరి గరిటె కోసమూ చెయ్యి చాచకుండా రాసుకోవడం. అందులో ఫైళ్లలో రాతలు పెట్టకండి, కొత్తగా మెమరీ అడగకండి, నెట్‌వర్క్ జోలికి పోకండి.

కిరణ్ ఇది బోర్డు మీద గీసి చూపించినప్పుడు నేను మెచ్చుకున్నాను. నలుగురిలోనే మెచ్చుకున్నాను. లోపల మాత్రం ఎక్కడో మండింది. ఆ మంట సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకెళితే తెలుస్తుంది.

అరచేతిలో బియ్యం

మా కంపెనీకి పేరు తెచ్చిన సరుకు బియ్యం ఏరే మెషీను. పైనుంచి బియ్యం ధారగా జారుతుంది. కెమెరా ప్రతి గింజనూ చూస్తుంది. నల్లదో పసుపుదో కనిపించగానే కిందనున్న సన్నని గొట్టంలోంచి గాలి ఫట్‌మని కొట్టి ఆ ఒక్క గింజను పక్కకి నెట్టేస్తుంది. గింజ కెమెరా దాటి గొట్టం ముందుకి వచ్చేలోపు అంతా జరిగిపోవాలి. రెప్ప వేసేంత వ్యవధి కూడా ఉండదు. రియల్ టైమ్ ప్రయారిటీకి ఇంతకంటే తగిన పని ఉండదు, ఆ గాలి థ్రెడ్‌కి పై మెట్టు ఇవ్వడం న్యాయమే.

మన డెల్టాలో మిల్లు యజమాని మెషీన్‌ని ఎలా పరీక్షిస్తాడో మీరు చూసే ఉంటారు. తెర మీది అంకెలు చూడడు. బయటికొచ్చే బియ్యంలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, వెలుతురులోకి నడిచి, బొటనవేలితో అటూ ఇటూ జరుపుతాడు. ఒక్క నల్ల గింజ కనిపిస్తే మాట్లాడకుండా మీ చేతిలో పోసి వెళ్లిపోతాడు. మా మెషీన్ బతుకు అంతా ఆ అరచేతిలోనే ఉండేది.

గుడివాడ దారిలో మిల్లున్న సాంబశివరావు గారి అరచేతిలో ఒక నల్ల గింజ కనిపించింది. ఒక్కటే. మధుసూదన్ గారి ముఖం వాడిపోయింది. ఆఫీసుకొచ్చి వెతికితే కారణం తెలిసింది. ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాళ్లు ఒక జాగ్రత్త పెట్టారు. రియల్ టైమ్ థ్రెడ్లు ఎంత ఆకలిగా ఉన్నా ప్రతి సెకనులోనూ ఒక చిన్న వాటా వాటికి దక్కకుండా అట్టేపెట్టి మిగతావాళ్లకి ఇస్తారు. ఎవరైనా తప్పు ప్రోగ్రామ్ రాస్తే మెషీన్ పూర్తిగా బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది. అప్పుడప్పుడు మా గాలి థ్రెడ్ ఆ చిన్న వాటా దగ్గర ఆగుతోంది. ఆగినప్పుడు గింజ తప్పించుకుంటోంది.

ఆ వాటాను తీసేయవచ్చు. ఒక్క అంకె మారిస్తే చాలు. నాకు తెలిసిన విద్య అదే కదా.

“మేడమ్, అది తీసేస్తే స్టాప్ బొత్తాం కూడా పస్తుంటుందండీ,” అన్నాడు కిరణ్. “తెర, స్టాప్, అన్నీ మామూలు థ్రెడ్లలోనే ఉన్నాయిగా. ఎప్పుడన్నా లోడ్ ఎక్కువైతే?”

“మన టెస్టులో ఎప్పుడైనా ప్రాసెసర్ సగం దాటిందా?”

“దాటలేదండీ. కానీ మనం టెస్ట్ చేసేది వన్ టౌన్‌లో కొన్న బియ్యంతో కదండీ. అవి అసలే శుభ్రంగా ఉంటాయి.”

“కిరణ్, నువ్వు పలక పట్టకముందు నుంచి నేను కోడ్ రాస్తున్నాను. గరిటె సంగతి కనిపెట్టావని ప్రతిదానికీ పాఠం చెప్పకు.”

ఆఫీసంతా నవ్వింది. వాడు కూడా నవ్వినట్టు ముఖం పెట్టి కూర్చున్నాడు. నేను అంకె మార్చాను. మర్నాడు సాంబశివరావు గారి అరచేతిలో ఒక్క నల్ల గింజ కూడా లేదు, మధుసూదన్ గారు మళ్లీ పునుగులు తెప్పించారు. ఆ పునుగులు నేను ఆనందంగా తిన్నాను.

ఇక్కడ ఆగి ఒక సంగతి అర్థం చేసుకోండి. స్టాప్ బొత్తాన్ని నేను ‘తెర పని’ కింద జమకట్టాను. తెర పని అంటే ఆఖరి పంక్తి. కొనేవాడు చూసేది నల్ల గింజ కనుక గాలికి పెద్దపీట వేశాను. ఆగమంటే ఆగడం ఎవరూ అరచేతిలో పరుచుకుని చూడరు.

వాన తరవాత

ఆ ఏడు కోతల వేళ తుపాను పట్టింది. పనలు నీళ్లలో నానాయి, ధాన్యం రంగు మారింది. డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని, తుపాను పడితే ధాన్యం రంగు మారుతుందని నాకు ఒకరు చెప్పాలా? మా ఇంట్లో మూడురోజులు ఆ మాటే మాట్లాడుకున్నాం. రైతుల కోసం అయ్యో అనుకున్నాను. నా మెషీన్ గుర్తుకి రాలేదు.

మామూలు బియ్యంలో చెడ్డ గింజ ఎప్పుడో ఒకటి. ఆ బియ్యంలో మంచి గింజను వెతుక్కోవాలి. గాలి థ్రెడ్‌కి ఊపిరాడనంత పని పడింది. అది చాలు అనే క్షణమే లేకుండా పోయింది. చిన్న వాటా ఉంటే మిగతావాళ్లు దానితోనైనా బతికేవాళ్లు. దాన్ని నేను ముందే ఊడబెరికాను.

అదే తడికి ఇంకొకటి జరిగింది. తవుడు ముద్దలు కట్టి, బియ్యాన్ని పైకి మోసే ఎలివేటర్ అడుగున పేరుకుంది. ఎలివేటర్ అంటే బెల్టుకి వరసగా డబ్బాలు బిగించి ఉంటాయి, మోటారు తిప్పుతుంటే అవి అడుగునుంచి బియ్యం తోడి పైన పోస్తాయి. అడుగున ముద్ద అడ్డం పడితే బెల్టు ఇరుక్కుని నిలబడిపోతుంది. మోటారు మాత్రం పైన జారుతూ తిరుగుతూనే ఉంటుంది. మిల్లు హోరులో చూసేవాళ్లకి ఆగినట్టే ఉంటుంది.

మా మెషీన్ దగ్గర పనిచేసే మనిషి నాగమణి. ఏరే మెషీను, ఎలివేటరు అన్నీ ఒకే తెర మీదినుంచి నడపవచ్చని అమ్మేటప్పుడు మేమే గొప్పగా చెప్పాం, ఆమెకి నేర్పిందీ మేమే. ఎలివేటర్ నిలబడిపోవడం చూసి ఆమె మేం నేర్పినట్టే చేసింది. తెర మీద స్టాప్ నొక్కింది. కీచుమని శబ్దం వచ్చింది. ఆ శబ్దం చేసేది తెర, దానికి మా ప్రోగ్రామ్‌తో పనిలేదు, వేలు తగిలితే చాలు అరుస్తుంది. ఆమె ఆపమన్న మాట లోపల ఒక మూల కూర్చుని వంతు కోసం ఎదురుచూస్తోంది. ఆ వంతు రాలేదు.

నాగమణి అడుగున ఉన్న మూత తీసి, కుడిచెయ్యి పెట్టి ముద్దను లాగింది. ముద్ద రాగానే బెల్టు కదిలింది.

మూడు వేళ్లు పోయాయి.

నేను మాట్లాడిన మాటలు

కిరణ్ ఆ మిల్లునుంచి ఒక బస్తా రంగు మారిన బియ్యం తెచ్చి మా ఆఫీసు మెషీన్‌లో పోశాడు. నన్ను పిలిచి స్టాప్ నొక్కమన్నాడు. నొక్కాను, కీచుమంది. బియ్యం పడుతూనే ఉంది. మళ్లీ నొక్కాను. బస్తా అయిపోయేదాకా ఆ మెషీను ఆగలేదు. చెప్పానుగా మేడమ్ అని కిరణ్ అంటాడని ఎదురుచూశాను. వాడు కిందపడ్డ గింజలు ఎత్తుతూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాగమణి ఆసుపత్రినుంచి వచ్చాక మిల్లులో అందరం కూర్చున్నాం. మధుసూదన్ గారు, సాంబశివరావు గారు, నేను. నాగమణిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు, కట్టుతో ఉన్న చెయ్యిని చీరకొంగులో దాచుకుంది. ఏం జరిగిందో చెప్పమని సాంబశివరావు గారు నన్ను అడిగారు.

నేను అబద్ధం చెప్పలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఆ మాట అనగలను. “హై లోడ్ కండిషన్‌లో లోయర్ ప్రయారిటీ థ్రెడ్ స్టార్వేషన్ వల్ల స్టాప్ ఈవెంట్ ప్రాసెస్ అవ్వలేదండీ,” అన్నాను. ప్రతి మాటా నిజమే. ఆ గదిలో ఉన్నవాళ్లకి ఒక్కటీ అర్థం కాకూడదనే ఆ మాటలు ఏరుకున్నాను. లెక్కల టీచర్‌గా ఉన్నప్పుడు ఎంత కష్టమైనదైనా మొద్దుపిల్లకి కూడా అర్థమయ్యేలా చెబుతానని పేరు తెచ్చుకున్నదాన్ని. చెప్పడం చేతకాక కాదు.

సాంబశివరావు గారు తల ఊపారు. నాగమణి నా వైపు చూసింది.

“అంటే మేడమ్ గారండీ, తప్పు నాదేనాండీ?”

మధుసూదన్ గారు అందుకున్నారు. “ఎవరి తప్పూ అని కాదమ్మా. బెల్టు పూర్తిగా ఆగిందో లేదో కాసేపు చూసుకుని చెయ్యి పెట్టాల్సింది. తొందరపడ్డావు అంతే. వైద్యం ఖర్చు మేము చూసుకుంటాంలే.”

“నేను నొక్కానండీ. కీచుమన్నదండీ.”

“సరేలేమ్మా, అయిందేదో అయింది.”

ఆమె ఇంకోసారి నన్ను చూసింది. నేను బల్ల మీదున్న మంచినీళ్ల గ్లాసు చూస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు కారులో మధుసూదన్ గారు, “బాగా మేనేజ్ చేశారు మేడమ్,” అన్నారు. నన్ను ఆయన మెచ్చుకున్న అన్నిసార్లలోనూ ఇప్పటికీ చెవిలో మోగేది అదొక్కటే. కంకిపాడు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను.

సరిచేసినవి

ఏం సరిచేశామో చెప్పాలి, ఎందుకంటే మీకు పనికొచ్చేది ఇదే. నాకు ఇది రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతుంది కూడా.

ఊడబెరికిన చిన్న వాటాను తిరిగి పెట్టాం. మీరు దాని జోలికి ఎప్పుడూ పోకండి. అది అడ్డుపడుతోంది అనిపిస్తే మీ ప్రోగ్రామ్‌లో జబ్బుందని అర్థం, కాపలావాడిని తీసేయడం వైద్యం కాదు. గాలి థ్రెడ్‌కి ఒక హద్దు పెట్టాం. ఒక్కో విడతలో ఇన్ని గింజలే, అంతకు మించితే వదిలేసి పక్కకి జరగాలి. కొన్ని నల్ల గింజలు పోతే పోనీ. మధుసూదన్ గారు దీనికి గిలగిల్లాడారు. ఆ ఒక్కసారి నేను మొండిగా నిలబడ్డాను, ఉద్యోగం వదిలేస్తానన్నాను కూడా. అందుకు నన్ను ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు, అప్పటికే ఆలస్యమైంది.

ఆపమనే మాట వినే థ్రెడ్‌ని అన్నిటికంటే పైన పెట్టాం. దాని పని వినడం, ఆపడం, అంతే. పైన ఉన్నవాడు తక్కువ తినాలి. అందరూ సక్రమంగా నడుస్తున్నారో లేదో చూసే చిన్న పరికరం ఒకటి విడిగా పెట్టాం. ప్రోగ్రామ్ దానికి వేళకి పలక్కపోతే అదే అన్నీ ఆపేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, స్టాప్ కోసం తెర పక్కన అసలైన బొత్తాం పెట్టి, దాన్నుంచి తీగను నేరుగా మోటారుకి వేశాం. నా ప్రోగ్రామ్ చచ్చినా బతికినా ఆ తీగకి పట్టింపు లేదు. మనిషి ప్రాణం ఉన్నచోట ప్రయారిటీ అంకెను నమ్ముకోకూడదు, మీ అంకెనైనా సరే.

పరీక్షకి వన్ టౌన్ బియ్యం మానేశాం. దొరికినంతలో అన్యాయమైన బియ్యం తెచ్చి పోసేవాళ్లం. ప్రయారిటీ ఎవరు పెంచాలన్నా ఎందుకో కిరణ్‌కి చెప్పి ఒప్పించాలని నియమం పెట్టాను. నాకూ అదే నియమం. వాడు నా మాట రెండుసార్లు ఒప్పుకోలేదు, రెండుసార్లూ వాడిదే సరి.

ముఖ్యమైన పనికీ, వేళకి జరగాల్సిన పనికీ తేడా తెలుసుకోండి. ముఖ్యమైనదల్లా రియల్ టైమ్ కాదు. బాస్‌కి ముఖ్యమైనది అసలే కాదు.

మిల్లులో

కొత్త బొత్తాం బిగించడానికి మిల్లుకి వెళ్లిన రోజున సాంబశివరావు గారు కొత్తగా చేరిన ఆడవాళ్లకి పని అప్పజెప్తున్నారు. “చూసుకుని చెయ్యండమ్మా. నాగమణిలాగా తొందరపడి చేతులు పెట్టమాకండి,” అన్నారు. ఆ ఆడవాళ్లు తలలూపారు. ఒకామె పక్కామెతో, “అది మొదట్నించీ దుడుకేనంటగా,” అంది. నేను అక్కడే ఉన్నాను, చేతిలో స్క్రూడ్రైవర్‌తో.

ఆ సాయంత్రం నాగమణి ఇంటికి వెళ్లాను. మిల్లుకి దగ్గరలోనే, కాలవ గట్టున. ఎడమచేత్తో కూర తరుగుతోంది, కత్తిపీట కుదరక ముక్కలు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. నేను పీట మీద కూర్చుని ఏ అడ్డు మాటలూ లేకుండా చెప్పాను. “నువ్వు ఆపమన్నావు. మెషీను వినలేదు. వినకుండా చేసింది నేను. ఒకబ్బాయి వద్దని చెప్పినా వినకుండా చేశాను. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఆ రోజే నీకిది చెప్పాల్సింది, నాకు ధైర్యం లేకపోయింది.”

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

“నాకు చెప్తారేంటండీ? నేను నొక్కానని నాకు తెలవదా?” అంది. “అక్కడ చెప్పండి. దుడుకుది, దుడుకుది అని మా ఆడబిడ్డ కూడా అంటంది. మీరు అక్కడ, అందర్లో చెప్పండి.”

మర్నాడు ఇద్దరం మిల్లుకి వెళ్లాం. మధుసూదన్ గారికి చెప్పలేదు. పని మార్పు వేళ, ఆడవాళ్లందరూ మెషీన్ దగ్గర ఉన్నప్పుడు, నాగమణిని పక్కన నిలబెట్టుకుని ముందురోజు చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను. సాంబశివరావు గారి ముఖం ఎర్రబడింది కానీ మధ్యలో ఆపలేదు. దుడుకుదన్న ఆవిడ తల దించుకుంది.

కొంచెం పెద్దావిడ ఒకామె ముందుకొచ్చింది. “అయితే ఇప్పుడు ఆగుద్దాండీ?”

“ఆగుతుందమ్మా. ఇప్పుడు తీగ నేరుగా వేశాం.”

“చూపించండి.”

కొత్త బొత్తాం నొక్కాను. ఎలివేటర్ ఆగింది, మోటారు కూడా ఆగింది, ఆ చప్పుడు ఆగిపోవడం అందరూ విన్నారు. నాగమణి అడుగునున్న మూత దగ్గర వంగి, ఎడమచేత్తో దాన్ని తీసింది. తీసి నా వైపు తిరిగింది.

“పెట్టండి మేడమ్ గారూ, చెయ్యి.”

మాటలో కోపం లేదు. ఆ తీగను నేను బిగించాను, ముందురోజు పదేపదే పరీక్షించాను, అది ఆగుతుందని నాకు తెలుసు. అయినా నా కాళ్లు అటు వెళ్లలేదు. గోడకున్న మెయిన్ స్విచ్ పెట్టె వైపు వెళ్లాయి. కరెంటు పూర్తిగా తీసేయకుండా యంత్రంలో చెయ్యి పెట్టకూడదని చదువుకున్న ప్రతివాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. పెట్టెకి తాళం ఉంది. ఎవరైనా పొరపాటున ఆపితే మెషీను పాడవుతుందని, దాన్ని పెట్టించిన రోజున తాళం వేయించింది మేమే, చెవి పనివాళ్ల చేతికి ఇవ్వొద్దన్నదీ మేమే.

“సాంబశివరావు గారూ, తాళం చెవి ఒకసారి ఇప్పించండి,” అన్నాను.

ఆయన ఆఫీసు గదిలోకి వెళ్లి సొరుగులోంచి తెచ్చి ఇచ్చారు. పెట్టె తెరిచి స్విచ్ కిందికి లాగాను. వెనక్కి తిరిగాక గానీ ఏం చేశానో నాకు తెలియలేదు.

“మీకైతే తాళం చెవి తెచ్చిచ్చారండీ,” అంది నాగమణి.

నేను వెళ్లి వంగి, మోచేతిదాకా చెయ్యి పెట్టాను. నన్ను ఎవరూ చూడలేదు. అందరూ ఆ తెరిచిన పెట్టెనే చూస్తున్నారు.